ఎడమ మలుపులో చప్పుడు

మౌనం తర్వాత పంతొమ్మిదో ఏడు, ఫాల్గుణం 3

పొద్దున షెడ్డు మీది సోలార్ పలకల దుమ్ము తుడిచి కిందికి దిగేసరికి ఆసుపత్రి బండి వాకిట్లో ఆగి ఉంది. హుసేన్‌బీ దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. కింద పేటలోని రోగులను ఎక్కించుకుని, పద్నాలుగు మలుపుల గట్టు దారిలో కొండ పైన ఉన్న ఆసుపత్రికి చేర్చేది ఆమే. ఏడేళ్ళుగా ఆ బండి ఇంకొకరి చేతికి పోలేదు.

"మామా, ఎడమ పక్కకు తిప్పినప్పుడు చప్పుడొస్తాండాది. టిక్కు టిక్కుమని, శానా సన్నంగా. ఈ బొటనవేలికి తగుల్తాది," అంది.

ఆ బండి పుట్టినప్పుడు దానికి స్టీరింగే లేదు. ఆకాశంలోని యంత్రాల నుంచి వచ్చే మాట విని బండ్లు వాటంతటవే నడిచిన కాలం నాటిది. ఆ మాట ఆగిపోయిన రోజున, మేం మౌనం అనే రోజున, ఎక్కడివక్కడ నిలబడిపోయిన వేల బండ్లలో ఇదొకటి. దాని నేల కోసి, పాత లారీ స్టీరింగ్ తెచ్చి బిగించింది నేనే. మధ్యలో బ్యాటరీ పెట్టె అడ్డం ఉండటంతో స్టీరింగ్ కడ్డీ తిన్నగా దిగదు, వంగి పోవాలి. ఆ వంపులో మోచేతి కీలు లాంటిది ఒకటి ఉంటుంది. క్రాస్ జాయింట్ అంటాం.

జాకీ ఎత్తి ముందు చక్రాలు రెండూ పట్టుకుని ఊపాను. ఆట, అంటే వదులు, లేదు. బేరింగులు బాగున్నాయి. చక్రాలను తిప్పే రాడ్ల చివర్లు బిగువుగా ఉన్నాయి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన జాయింటుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, తిప్పమన్నాను.

"ఇదో, ఇప్పుడు. వినపడెనా?" అంది.

నాకేమీ వినపడలేదు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు గనక రాస్తున్నాను. రెండేళ్ళ నాలుగు నెలలుగా నాకు సన్నని చప్పుళ్ళు వినపడటం లేదు. మొదట కుక్కర్ విజిల్ పోయింది. తర్వాత పిట్టల కూతలు పోయాయి. మనుషుల మాటలు వినపడతాయి, లారీ ఇంజను వినపడుతుంది. పళ్ళ మధ్య ఇసుక నలిగినట్టుండే చప్పుళ్ళు మాత్రం పోయాయి. నా పనంతా ఆ చప్పుళ్ళతోనే.

లోపాలు చెప్పే యంత్రాలు మూగబోయిన కొత్తలో ఈ గట్టు మీద నా చెవి ఒక్కటే పనిచేసింది. నన్ను చెవి ఓబులేసు అన్నారు. ఊరి సభ ముద్ర నా చేతిలో పెట్టింది. నా ముద్ర లేనిదే ఏ బండీ దారి ఎక్కకూడదు. అలాంటి వాణ్ణి, ఇప్పుడు వినపడదని ఎవరితో చెప్పను?

రిజిస్టరులో "శబ్దం లేదు, బండి బాగుంది" అని రాసి ముద్ర వేశాను.

ఫాల్గుణం 11

హుసేన్‌బీ మళ్ళీ వచ్చింది. ఈసారి బండి నిండా జనం. కింద పేట వాళ్ళు, పదకొండు మంది. ఎండ ముదిరేలోపు పైకి చేరాలని అందరికీ ఆత్రం.

"మామా, అది తగ్గలే. ఇప్పుడు వణుకు గూడా వస్తాండాది. సగం తిప్పినాక పట్టుకున్నట్లయి వదిలేస్తాది. ఆ జాయింటు విప్పి చూడరాదా?"

జాయింటు విప్పాలంటే బ్యాటరీ పెట్టె దింపాలి. పూటంతా పని. అది సాకే గానీ కారణం కాదు. విప్పాలంటే అనుమానం నాకు రావాలి. నాకు వినపడనిది ఆమెకు వినపడిందని నలుగురిలో ఒప్పుకోవాలి.

మళ్ళీ స్క్రూడ్రైవర్ పెట్టాను. మళ్ళీ ఏమీ లేదు. జనం నా మొహమే చూస్తున్నారు. ఆ చూపుల కింద నా నోటినుంచి ఈ మాట వచ్చింది:

"వణుకు బండికి లేదు పాపా. నీ చేతులకుండాది."

బండిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కిటికీ పక్కన కూర్చున్న తిమ్మక్క అనే ముసలామె, "పోనీలే మే, ఆయప్ప చెవి అబద్ధం చెప్పదు," అంది. హుసేన్‌బీ ఒకసారి తన చేతుల వైపు చూసుకుంది. బండి తీసింది.

ఇరవయ్యో ఏడు, చైత్రం 2

ఉగాది మర్నాడు కావడంతో ఊళ్ళో పని లేదు. హుసేన్‌బీ ఒంటరిగా వచ్చింది. "నువ్వే తోలి చూడు మామా. ఒక్కసారి. నువ్వు లేదంటే ఇంక అడగను," అని తాళం నా చేతిలో పెట్టింది.

మూడో మలుపు దాకా తోలాను. ఆమె పక్కన కూర్చుని నా చేతులనే చూస్తోంది. ఎడమకు తిప్పినప్పుడు బొటనవేలి మొదట్లో ఏదో తగిలింది. గోడ అవతల ఎవరో వేలితో తట్టినట్టు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ తగిలింది.

చెవికి అందనిది చేతికి అందింది. దారి గతుకులేమో అనుకున్నాను. లేదు, అనుకోవాలని అనుకున్నాను. ఇప్పుడు అవునంటే, పోయిన రెండుసార్లూ ఏం విన్నావని అడుగుతుంది కదా?

"దారి బాగాలేదు, అంతే. బండికేం కాలేదు," అన్నాను.

"సరే మామా," అంది. ఇకమీదట నిజంగానే అడగదని ఆ గొంతులో తెలిసింది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి గురించి రాయకుండా ఉండాలనుకున్నాను. రాశాను.

చైత్రం 19

ఎనిమిదో మలుపులో స్టీరింగ్ విడిపోయింది.

పొద్దున ఏడింటికి కబురొచ్చింది. పరుగెత్తాను. బండి కొండవైపు ఒరిగి, ముందు భాగం రాతిలోకి దిగబడి ఉంది. రెండో పక్క మూడు అడుగుల అవతల లోయ. స్టీరింగ్ ఖాళీగా తిరగడం మొదలవగానే హుసేన్‌బీ బ్రేకు తొక్కి, చేతి బ్రేకు లాగింది. దారి వాలు కొండవైపు ఉండటాన బండి అటే జారి రాతిని ఒరుసుకుంటూ ఆగిందని, పైనుంచి చూసిన గొర్రెల కాపరి చెప్పాడు. ఆమె ఒక్క క్షణం తడబడినా, ఆ రోజూ బండిలో ఉన్న పదకొండు మందీ లోయలో ఉండేవారు.

హుసేన్‌బీ ఎడమ మణికట్టు విరిగింది. తిమ్మక్క కాలు సీటు కింద ఇరుక్కుని నలిగిపోయింది. ఇనుప గొట్టాలతో సీటు ఎత్తిపట్టి ఆమెను బయటికి లాగిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె నా భుజం పట్టుకుని, "ఓబులేసూ, వచ్చినావా నాయనా," అంది.

మధ్యాహ్నానికి మోకాలి కింద కాలు తీసేశారు.

చైత్రం 21

బండిని షెడ్డుకు లాక్కొచ్చారు. ఎలా జరిగిందో చూసి సభకు చెప్పాల్సింది కూడా నేనే. ముద్ర నాది కదా!

తలుపు వేసుకుని బ్యాటరీ పెట్టె దింపాను. క్రాస్ జాయింటు రెండు ముక్కలై ఉంది. విరిగిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూశాను. ముప్పావు వంతు నల్లగా, తుప్పు పట్టి ఉంది. పావు వంతు మాత్రం తెల్లగా మెరుస్తోంది. ఈ పనిలో చెయ్యి పెట్టిన ఎవరికైనా తెలుస్తుంది. నల్లటిది పాత పగులు, తెల్లటిది ఆ రోజు విరిగిన చోటు. నెలా నెలన్నరగా ఆ ఇనుము మెల్లగా చీలుతూ ఉంది. చీలుతూ టిక్కుమని చెబుతూ ఉంది. ఆమె విని మూడుసార్లు నా దగ్గరికి తెచ్చింది.

తర్వాత చేసినది రాస్తాను. అరలోంచి ఇనుము రుద్దే గరుకు ఎమ్రీ కాగితం తీసి, ఆ నలుపు పోయేదాకా రుద్దాను. చాలాసేపు పట్టింది. చేతులు వణకలేదు. మొత్తం ముఖం ఒకే రంగుకు వచ్చింది.

"జాయింటు కొత్తగా విరిగింది. దెబ్బ తగలడం వల్ల," అని రిజిస్టరులో రాశాను.

వైశాఖం 6

నీళ్ళ పంపకం జరిగే రేకుల పందిరి కింద సభ కూర్చుంది. సభ పెద్ద ఆదిశేషమ్మ నా రాతను, ఫాల్గుణంలో రాసిన "శబ్దం లేదు"తో సహా, పైకి చదివింది. దెబ్బ వల్ల జాయింటు విరిగిందంటే, ముందు బండి దేన్నో గుద్దిందన్నమాట. గుద్దిందంటే తోలినామె చూసుకోలేదన్నమాట. అంతవరకు నేను రాయలేదు. వాళ్ళే కలుపుకున్నారు. అలా కలుపుకుంటారని రాసేటప్పుడే నాకు తెలుసు.

"హుసేన్‌బీ, నువ్వేమంటావమ్మా?" అని ఆదిశేషమ్మ అడిగింది.

"నేను దేన్నీ గుద్దలేదక్కా. స్టీరింగే వదిలేసింది. చప్పుడొస్తాండాదని ముందే చెప్పినా," అంది. తర్వాత నా వైపు తిరిగింది. నేను ఏదో ఒకటి చెబుతానని చూసింది. నేను పందిరి గుంజ కేసి చూశాను. అప్పుడు ఆమె నెమ్మదిగా, "నాకట్ల అనిపించింది," అంది.

ఆమె చేతినుంచి తోలే అనుమతి బిళ్ళ తీసుకున్నారు. పైకి పోయే రోగులను ఇప్పుడు ఎద్దుల బండిలో పంపుతున్నారు. నాలుగు గంటలు పడుతుంది.

వైశాఖం 28

ఎండ తగ్గాక ఎవరో షెడ్డులోకి వచ్చారు. హుసేన్‌బీ. ఎడమ చేతికి ఇంకా గుడ్డ కట్టు ఉంది. బాగు చేయడానికి ఆగి ఉన్న ఒక చిన్న బండిని చూపించి, "ఒక్క నిమిషం దాంట్లో కూసుంటా మామా, తోలను," అంది.

కూర్చుని రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టింది. కుడికి తిప్పింది. ఎడమకు తిప్పింది. మళ్ళీ తిప్పింది. కళ్ళు మూసుకుంది.

"ఏమన్నా తెలుస్తాండాదా?" అన్నాను.

"అదే తెలీడంల్యా. ఉండాదనుకుంటే ఉన్నట్లుంటాది, లేదనుకుంటే లేదు." చేతులు ఒడిలోకి తీసుకుంది. "నువ్వు ఆ పొద్దు చెప్పినావు గదా, నా చేతులకే వణుకని. నేను నమ్మలే. నమ్మి తోలడం ఆపేసింటే తిమ్మక్క కాలుండేది. వారానికోసారి పోయి ఆయమ్మ కట్టు మారుస్తాండా. ఆయమ్మ ఒక్క మాట అనదు మామా. అన్నా బాగుండు."

చెప్పడానికి నోరు తెరిచాను. "నీళ్ళు తాగుతావా?" అన్న మాట వచ్చింది.

నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

ఆమె మణికట్టు ఎముక అతుక్కుంటుంది. ఏడేళ్ళుగా ఆ గట్టు దారిలో నేర్పు తెచ్చుకున్న చేతులను మాత్రం ఆమే నమ్మకుండా చేశాను.

వైశాఖం 29

అన్నం తినలేకపోయాను. నా భార్య రంగమ్మ కంచం తీసేస్తూ, "ఆ పిల్ల వచ్చిందంట గదా," అంది.

"నాకు చెవి సరిగా వినపడదు," అన్నాను. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయింది. ఇంత కష్టంగా ఆమెతో ఏ మాటా చెప్పలేదు.

"తెలుసు. కుక్కర్ కూస్తాంటే పక్కనే కూసోని ఉంటావు. నువ్వే చెప్తావులే అని చూస్తాండా."

మిగతాదంతా చెప్పాను. ఎమ్రీ కాగితం సంగతి దగ్గర ఆమె మొహం మారింది. కంచం అక్కడే పెట్టి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "నాకు చెప్పి ఏం లాభం? నా చెయ్యి విరగలే గదా," అంది.

జ్యేష్ఠం 1

నీళ్ళ పంపకానికి ఊరంతా పందిరి కిందికి వచ్చింది. బిందెల వరుస మొదలయ్యేలోపు నేను ముందుకు పోయి నిలబడ్డాను. విరిగిన ముక్కలు రెండూ గుడ్డలో చుట్టి తీసుకుపోయాను. ముద్రను జేబులో పెట్టుకున్నాను.

నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను గానీ అవేవీ రాలేదు. నాకు వినపడదన్నాను. ఎన్నాళ్ళుగానో చెప్పాను. హుసేన్‌బీ మూడుసార్లు వచ్చిందనీ, మూడోసారి నా చేతికే తెలిసిందనీ, అయినా లేదన్నాననీ చెప్పాను. పాత పగులును రుద్ది చెరిపేశానని చెప్పాను.

వెనక నుంచి ఎవరో తిట్టారు. ఇంకెవరో మట్టిపెళ్ళ విసిరారు. అది తగిలినప్పుడు నిజం చెప్పాలంటే తేలికగానే ఉంది. తేలిక కాకుండా చేసింది తిమ్మక్క. చంకలో కర్రతో బల్ల మీద కూర్చుని ఉంది. లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నా కాలు పోయింది, సరే. ముసల్దాన్ని, ఇంగ యాడికి పోవల్ల నేను? ఆ పిల్ల వారం వారం మా ఇంటికొచ్చి, నేల మీద కూసోని, కట్టు మారుస్తా ఏడుస్తాంటే నీకు తెలుసు గదరా! తెలిసీ ఎట్ల ఊరుకున్యావు? అన్నం ఎట్ల తిన్యావు?"

ముద్రను జేబులోంచి తీసి చేతిలో పట్టుకున్నాను.

ఆదిశేషమ్మ చెయ్యి చాపితే ముద్ర ఇచ్చేశాను. హుసేన్‌బీ బిళ్ళను తెప్పించి ఆమెకు తిరిగి ఇచ్చింది. హుసేన్‌బీ దాన్ని తీసుకుంది గానీ చూసుకోలేదు. నా దగ్గరికి వచ్చి గుడ్డ విప్పమంది. ముక్కలు రెండూ తీసుకుని, రుద్దిన ముఖం మీద కుడి బొటనవేలు పెట్టి అటూ ఇటూ కదిపింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ అది ఏడుపు కాదు. ఆమెను ఏడేళ్ళుగా చూస్తున్నాను, అంత కోపం ఎన్నడూ చూడలేదు.

"తప్పయిపోయింది పాపా," అన్నాను.

"ఆ మాట నాకొద్దు," అంది. "చెవి పోయినాక ఎన్ని బండ్లకు ముద్ర వేసినావు?"

"నీ బండి గాక ముప్పై ఒకటి."

"అవన్నీ ఇయ్యాల గూడా దారి మీదనే ఉండాయా?"

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. నా సిగ్గు చుట్టూ నేనే తిరుగుతున్నాను.

జ్యేష్ఠం 9

సభ నాకు వేసిన శిక్ష ఇది. ప్రతి బండి యజమాని ఇంటికీ పోవాలి. ఏం చేశానో నా నోటితో నేనే చెప్పాలి. తర్వాత హుసేన్‌బీ స్టీరింగ్ పట్టుకుంటుంది, నేను కిందికి దూరి ఆమె చెప్పిన జాయింటల్లా విప్పాలి. ఆమె అవసరమైతే తప్ప నాతో మాట్లాడదు. మామా అని పిలవడం మానేసింది.

మొదటి రెండు రోజులూ ఆమె ప్రతి బండిలోనూ పావుగంట కూర్చునేది. తెలియడం లేదని దిగి, మళ్ళీ ఎక్కేది. నాలుగో రోజు ఒక పాల బండిలో ఎడమకు తిప్పి, తిప్పి, "కుడి పక్క రాడ్డు చివర. విప్పు," అంది. విప్పాను. లోపలి గుండు అరిగి గిన్నెలో వదులుగా ఊగుతోంది. ఆమెకు చూపించాను. చాలాసేపు చూసి, తన రెండు అరచేతులూ పైజమాకు తుడుచుకుంది. ఆ తర్వాత ఏ బండిలోనూ రెండు నిమిషాలకు మించి కూర్చోలేదు.

ఈ రోజు పొద్దున ఇరవై ఐదో బండి. గట్టు వెనక చర్చి వీధిలో ఉండే సువార్తమ్మది. చుట్టుపక్కల పల్లెల పిల్లలను బడికి తీసుకుపోయే బండి. మేం వెళ్ళేసరికి పిల్లలు ఎక్కి కూర్చుని ఉన్నారు. ఆమె తాళం తిప్పబోతోంది.

"సువార్తమ్మా, ఆగు. నీ బండికి పోయిన కార్తీకంలో నేను ముద్ర వేసినాను గదా. అప్పటికే నాకు వినపడదు. వినకుండానే వేసినాను," అన్నాను. ఇరవై నాలుగు ఇళ్ళలో చెప్పినా ఈ మాట నోటికి అలవాటు కాలేదు.

సువార్తమ్మ అర్థం కానట్టు నన్ను చూసింది. హుసేన్‌బీని చూసింది. హుసేన్‌బీ అవునన్నట్టు తల ఊపింది.

సువార్తమ్మ దిగి, బండి వెనక్కి పోయి, తలుపు తీసింది. పిల్లలను ఒక్కొక్కరినే చంకల కింద చేతులు వేసి ఎత్తి నేల మీద దింపడం మొదలుపెట్టింది. రోజూ వాళ్ళే దూకి దిగుతారు. ఈ రోజు దూకనివ్వలేదు. సాయం చేద్దామని అడుగు ముందుకు వేశాను. ఆమె మోచెయ్యి అడ్డం పెట్టింది. అక్కడే నిలబడ్డాను. పద్నాలుగు మంది దిగారు. చివరి పిల్ల చెప్పు బండిలో పడిపోతే, ఎక్కి వెతికి, తెచ్చి తొడిగింది. తర్వాత తాళం హుసేన్‌బీకి ఇచ్చి, పిల్లలను గోడ నీడకు తీసుకుపోయింది.

హుసేన్‌బీ ఎక్కి కూర్చుంది. నేను కిందికి దూరాను. స్టీరింగ్ కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది, మళ్ళీ కుడికి తిరిగింది. కడ్డీ కదలడం కనపడింది గానీ ఏ చప్పుడూ నాకు అందలేదు.

"బాగుండాది," అంది పైనుంచి.

నేల మీద వెల్లకిలా పడుకుని ఉండగానే కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. దుమ్ము పడిందనుకుంటారని తుడుచుకోకుండా బయటికి వచ్చాను. సువార్తమ్మ పిల్లలను తీసుకువచ్చి మళ్ళీ ఎక్కించింది. ఒక్కొక్కరినీ ఎత్తే ఎక్కించింది. నా వైపు చూడకుండానే తలుపు వేసింది.

బండి వీధి మలుపు తిరిగేదాకా హుసేన్‌బీ దాన్ని చూస్తూ నిలబడింది. తర్వాత పనిముట్ల సంచి భుజాన వేసుకుంది.

"పా," అంది. "ఎండెక్కుతాండాది. ఇంగా ఆరుండాయి."